ఎడమకు లాగే తుపాకీ

ఆయన్ని అందరూ గాడి మేస్త్రి అనేవాళ్ళు. పని తెలిసినవాళ్ళు గౌరవంగా అనేవాళ్ళు, తెలియనివాళ్ళు నవ్వుతూ అనేవాళ్ళు. వీధిలో పిల్లకాయలైతే ‘గాడి’ చివర ఇంకో అక్షరం తగిలించి ‘గాడిద మేస్త్రి’ అని పారిపోయేవాళ్ళు. ఆయన చెప్పు తీసి విసరబోయినట్టు నటించేవాడే గానీ నిజంగా కోపం వచ్చేది కాదు. గాడిదలాగానే పని చేశాను కదా, వాళ్ళు అబద్ధమేం చెప్పారు అనేవాడు.

ఆయన పని తుపాకీ గొట్టం లోపల గాడులు కోయడం. గొట్టం లోపల గాడులెందుకని అడిగేవాళ్ళు కొందరుంటారు. అడగనివాళ్ళు తెలిసి ఊరుకుంటారనుకోకండి, తెలియదని చెప్పుకోవడం నామోషీ. అందుకని అడిగినా అడగకపోయినా నేనే చెప్పేస్తాను. అది తెలియకపోతే ఆ ఇంట్లో తర్వాత జరిగిన ఘోరం అర్థం కాదు.

వెనకటి రోజుల్లో తుపాకీ గొట్టం లోపల నున్నగా, నీళ్ళ పైపులా ఉండేది. గుండ్రటి సీసపు గుండు వేసి పేలిస్తే అది గోడలకు అటూ ఇటూ తగులుకుంటూ బయటికొచ్చి తన ఇష్టమొచ్చిన దిక్కుకు పోయేది. ఎదుటివాడికి తగలాలంటే గురి కంటే అదృష్టం ముఖ్యం. పైగా ఆనాటి మందు కాలితే వచ్చే మసి ఇంతా అంతా కాదు. నాలుగుసార్లు పేల్చేసరికి లోపలంతా పేరుకుపోయి తర్వాతి గుండు దిగనని మొరాయించేది. ఆ మసి చేరడానికి కాస్త చోటుండాలని ఎవరో గొట్టం పొడవునా తిన్నగా గాడులు కోశారట. ఆ తర్వాత ఇంకెవరో ఆ గాడుల్ని మెలి తిప్పారు. కావాలనే తిప్పాడో, చెయ్యి వంకర పోయిందో ఎవరికీ తెలియదు. తిప్పినవాడు ఒకసారి పేల్చి చూసి నోరు వెళ్ళబెట్టి ఉంటాడు. గుండు ఆ మెలికలో పడి గిర్రున తిరుగుతూ బయటికొచ్చి, తిరిగే బొంగరం పడిపోకుండా నిలబడ్డట్టు, పెట్టిన గురికి నేరుగా పోయింది.

ఈ సంగతులన్నీ మేస్త్రికి పని నేర్పిన పెద్దమేస్త్రి చెప్పేవాడు. ఆయనకి చేతులెంత నెమ్మదో నోరంత జోరు. సిపాయిలకి మొదట్లో ఈ గాడుల తుపాకీ అంటే ఒళ్ళుమంటగా ఉండేదట. గుండు గాడుల్ని పట్టుకోవాలంటే బిగువుగా ఉండాలి, బిగువుగా ఉన్నదాన్ని మూతివైపు నుంచి సుత్తితో కొట్టి దింపాలి. వాడు కొట్టుకుంటూ కూర్చుంటే ఎదుటివాడు ఊరుకుంటాడా? తీరిక ఉన్న వేటగాళ్ళే వాడుకునేవారు. చివరికి ఒకడెవడో గుండు అడుగున చిన్న గుంట పెట్టాడు. అది వదులుగా జారి దిగేది, మందు పేలగానే ఆ గుంటలో గాలి కొట్టి ఉబ్బి గాడుల్ని గట్టిగా పట్టుకునేది. ‘ఆ గుంట పెట్టినవాడు మనుషుల్ని చంపడం ఎంత సుళువు చేశాడో చూడు’ అని పెద్దమేస్త్రి కాసేపు దిగులుగా కూర్చునేవాడు. మరుక్షణమే, ‘ఏం, నా మొహంలో గాడులున్నాయా, పోయి పని చూసుకో’ అని కసిరేవాడు.

మేస్త్రి ఆ పనిలోకి ఇరవై ఏళ్ళ వయసులో చేరాడు. పొడుగాటి షెడ్డు, రేకుల కప్పు, రెండు వైపులా కిటికీలు. మధ్యలో మంచమంత పొడుగు బల్ల. బల్ల మీద ఒక చివర గొట్టం బిగిస్తారు, రెండో చివర మెలిక గాడులున్న లావుపాటి దూలం ఉంటుంది. దూలాన్ని లాగితే అది తన మెలిక ప్రకారం తిరుగుతూ వస్తుంది, దానికి తగిలించిన సన్నటి కడ్డీ కూడా అలాగే తిరుగుతూ గొట్టంలోంచి వస్తుంది. కడ్డీ కొసన గోరంత కత్తి. ఒక్కో లాగుడుకి ఇనుము లోపల వెంట్రుకంత పొట్టు లేస్తుంది, అంతే. ఆరు గాడులు. ఆరింటినీ తలా ఒకసారి లాగాక కత్తి కింద సిగరెట్లు చుట్టుకునే పల్చటి కాగితం ముక్క ఒకటి పెడతారు. కత్తి ఆ కాగితమంత పైకి లేస్తుంది. మళ్ళీ ఆరు గాడులూ లాగాలి. మళ్ళీ కాగితం. ఒక గొట్టానికి రోజంతా పడుతుంది.

ఆ కాగితం ముక్కని మేస్త్రి తడి చేసి కింది పెదవికి అంటించుకునేవాడు. చేతులకి నూనె ఉంటుంది కాబట్టి పెట్టుకోవడానికి ఇంకో చోటు లేదు. మేస్త్రి పెదవి మీద కాగితం ఉంటే ఆయన్ని పలకరించకూడదని షెడ్డులో అందరికీ తెలుసు. యజమాని వచ్చినా సరే, కాగితం పెదవి దిగేదాకా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ‘ఈ మర్యాద మా ఇంట్లో నా భార్య కూడా నేర్చుకుంటే బాగుండును’ అని యజమాని అనేవాడు.

మేస్త్రికి ఒక తమ్ముడు. అమ్మానాన్నా పోయేనాటికి చిన్నపిల్లాడు. మేస్త్రి పెళ్ళి చేసుకున్నాడు, ఒక కూతురు పుట్టింది, కూతురికి నాలుగో ఏడు నిండకుండానే భార్య జ్వరంతో పోయింది. ఇక ఆ రెండు గదుల ఇంట్లో మిగిలింది ఒక మగవాడు, ఒక కుర్రాడు, ఒక చంటిది. మేస్త్రి పొద్దున్నే షెడ్డుకి పోతే తమ్ముడే ఆ పిల్లకి జడ వేసేవాడు. జడ అంటే ఏదో తాడు పేనినట్టుండేది, ఆ పిల్ల అద్దంలో చూసుకుని ఏడుపు లంకించుకునేది. ‘ఏడవకే, రేపు బాగా వేస్తా’ అనేవాడు బాబాయి. రేపూ అంతే. అన్నయ్యా తమ్ముడూ ఇద్దరూ కలిసి ఆ పిల్లని కళ్ళలో పెట్టుకుని పెంచారు. ఆ పిల్ల నాన్న దగ్గర చనువు కంటే బాబాయి దగ్గర చనువే ఎక్కువ చూపించేది, అందులో దాపరికమేమీ లేదు.

తమ్ముడికి చదువు అబ్బలేదు. షెడ్డులో పెడదామంటే ఒక చోట కూర్చోలేడు. అడవి గార్డు ఉద్యోగానికి పెట్టుకున్నాడు. అది వచ్చిన రోజు మేస్త్రి ఒక గొట్టానికి చిట్టచివరి కాగితం వేసి లాగుతున్నాడు. అయిదు గాడులు అయ్యాయి. ఆరోదానికి కడ్డీ తిప్పి పెట్టాడు. తర్వాతి గొట్టానికని కోసిన కాగితం ముక్క ఒకటి అప్పటికే పెదవి మీదుంది. అప్పుడు తమ్ముడు వాకిట్లోంచే, ‘అన్నయ్యా, వచ్చేసిందిరోయ్’ అని అరుస్తూ లోపలికొచ్చి ఆయన్ని వెనకనించి ఎత్తి దించాడు. షెడ్డులో అందరూ నవ్వారు. మేస్త్రి కూడా పెదవి మీద కాగితంతోనే నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ, ఎన్నేళ్ళ అలవాటో చెయ్యి దాని పని అది చేసేసింది. పెదవి మీది కాగితం తీసి కత్తి కింద పెట్టి ఆరో గాడి లాగేసింది.

లాగుడు పూర్తయ్యాక గానీ ఆయనకి తెలివి రాలేదు. ఆ గాడి మిగతా అయిదింటికంటే ఒక కాగితమంత లోతైపోయింది. అయిదింటినీ దానికి సరిపడా కోస్తే గొట్టం వదులైపోతుంది. ఇలాంటి గొట్టాన్ని అక్కడికక్కడే రంపంతో రెండు ముక్కలు చేయాలి, అది ఆ షెడ్డు కట్టుబాటు. మేస్త్రి రంపం అందుకున్నాడు.

‘ఎందుకన్నయ్యా కోసేస్తావు?’ అన్నాడు తమ్ముడు.

‘గాడి తప్పిందిరా. ఇది నేరుగా కొట్టదు. ఎటోవైపు లాగుతుంది.’

‘ఎటు లాగుతుందో తెలిస్తే చాలదా? ఇవన్నీ మా గార్డులకేగా వెళ్ళేది. ఈ ఒక్కటి నేను తీసుకుంటాలే. నాకు ఉద్యోగం వచ్చిన రోజు పుట్టింది, దీన్ని ముక్కలు చేస్తావా?’

మేస్త్రి తటపటాయించాడు. రంపం కింద పెట్టేశాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు గొట్టంలోకి కొలత కడ్డీ జారవిడిచి చూస్తారు, ఆ కడ్డీ గాడుల మధ్య గట్లని తాకుతుందే తప్ప గాడి అడుగుని తాకదు. గొట్టం పాసైపోయింది. తమ్ముడి మొహంలో ఆ సంతోషం చూసి చేసిన పని అది. అంతకు మించి కారణం లేదు.

తమ్ముడు ఆ తుపాకీ ఏరుకుని తీసుకున్నాడు. కొన్నాళ్ళు చెట్లకి పేల్చి చూసి, సంబరంగా వచ్చి చెప్పాడు. ‘ఎడమకి లాగుతోందన్నయ్యా. వంద అడుగులకి జానెడు. కుడికి జానెడు జరిపి పెడితే కళ్ళు మూసుకున్నా తగులుతుంది.’ గార్డుల చౌకీలో తుపాకులన్నీ ఒకే చోట నిలబెడతారు, ఎవరు ఏది తీసుకున్నారో రాసిపెట్టే అలవాటు అక్కడ లేదు. కానీ ఈ తుపాకీ జోలికి తమ్ముడు తప్ప ఎవరూ పోయేవారు కాదు. దీంతో ఏం కొట్టినా తగలదని మిగతావాళ్ళ ఫిర్యాదు. తమ్ముడు లోలోపల నవ్వుకునేవాడు. దాని గుట్టు అన్నదమ్ములిద్దరికే తెలుసు.

అదే చౌకీలో ఇంకా ఇద్దరు గార్డులుండేవారు. ఒకడు నత్తి గార్డు. మాట మొదలుపెట్టాడంటే ఎదుటివాళ్ళే పూర్తి చేయాలి, వాళ్ళు పూర్తి చేసింది తప్పయినా సరేనని తలూపేస్తాడు. రెండోవాడు చక్కటి కుర్రాడు, నెమ్మదస్తుడు. తమ్ముడే అతన్ని ఇంటికి తీసుకొచ్చాడు, తమ్ముడే పెళ్ళి మాట ఎత్తాడు. మేస్త్రి కూతురికి పెళ్ళయింది. అల్లుడు మామగారి చేతులు చూసి, ‘ఈ వేళ్ళతో ఇనుములో గీతలు గీస్తారా మావయ్యగారూ’ అని అడిగేవాడు. అడిగినప్పుడల్లా మేస్త్రి కథంతా మొదటినుంచి చెప్పేవాడు, అల్లుడు మొదటిసారి విన్నట్టే వినేవాడు. అలాంటి అల్లుడు దొరకడం అదృష్టమే మరి.

షెడ్డులోకి కొత్త యంత్రం వచ్చింది. అది గాడులు కోయదు. మెలిక గాట్లున్న గట్టి కడ్డీని గొట్టంలో పెట్టి, బయటినుంచి నాలుగు సుత్తులతో దడదడా బాదుతుంది. ఇనుము లోపలికి నొక్కుకుపోయి ఆ గాట్ల ఆకారం పట్టేస్తుంది. నాలుగు నిమిషాల్లో గొట్టం తయారు. కాగితాల్లేవు, పెదవులతో పనిలేదు. మేస్త్రిని పాత గొట్టాల మరమ్మతుకి మార్చారు. ఆయన పెద్దగా బాధపడలేదు. నడుం నొప్పి తగ్గిందని సర్దిచెప్పుకున్నాడు. ఆ ఏడే గార్డులకి తూటాలు కూడా మార్చారు. అప్పటిదాకా మెత్తటి సీసం తూటాలు. ఇప్పుడు సీసం మీద రాగి తొడుగున్నవి వచ్చాయి. గట్టి తూటాలు, వేగంగా పోతాయి. తమ్ముడు వాటిని గుప్పెట్లో తెచ్చి చూపిస్తే మేస్త్రి గోటితో గీసి చూసి, బాగున్నాయిరా అన్నాడు. అంతకు మించి ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే బాగుండేది, కానీ ఏం లాభం, తట్టలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే అల్లుడు పోయాడు.

ఒక అడవిపంది పొలాల మీద పడి ఒక రైతుని చీల్చింది. దాన్ని కొట్టమని పై నుంచి హుకుం వస్తే ముగ్గురు గార్డులూ వెళ్ళారు. పందిని పొదల్లోంచి బయటికి తోలడానికి అల్లుడు చుట్టూ తిరిగి వెళ్ళాడు. పంది బయటపడింది. తమ్ముడూ నత్తి గార్డూ ఒకేసారి పేల్చారు. పంది పారిపోయింది. పొదల వెనక అల్లుడు పడి ఉన్నాడు. ఒకే తూటా తగిలింది.

మీలో ఎవరి తూటా అని అడిగితే ఇద్దరూ నాది కాదన్నారు. తుపాకులు రెండూ చౌకీలో ఎప్పటిలాగే ఒకచోట నిలబెట్టేశారు. పరీక్ష చేసేవాళ్ళు రెండింటినీ పేల్చి చూసి, శవంలో దొరికిన తూటా మీది గీతలకి ఏ గొట్టం గీతలు సరిపోతాయో తేల్చారు. కానీ ఆ గొట్టం ఎవరి చేతిలో ఉందో గీతలు చెప్పవు కదా. తమ్ముడు తను రెండోది తీసుకున్నానన్నాడు. నత్తి గార్డు కాదు కాదు అనబోయి నోరు తెరిచాడు, మాట పెగలలేదు. ఎదుటివాళ్ళు ఎప్పటిలాగే ఆ మాట వాళ్ళే పూర్తి చేశారు. ఈసారి పూర్తి చేసింది అతని మెడకే చుట్టుకుంది. అతన్ని ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు, కేసు పెడతారన్నారు.

విచారణ అధికారి ఆ తుపాకీని షెడ్డుకి తెచ్చి మేస్త్రి చేతికిచ్చాడు. మర్యాదస్తుడే. ‘ఇది మీరు కోసిందేనట. ఇందులో ఒక గాడి లోతెక్కువుంది. ఎందుకలా అయిందో, ఇది ఎవరికి వెళ్ళిందో ఏమైనా గుర్తుందా?’ అన్నాడు.

మేస్త్రి గొట్టాన్ని కిటికీ వెలుతురుకి పట్టి ఒక కన్ను మూశాడు. ఆరు గాడులు మెలికలు తిరుగుతూ వెలుగులోకి పోతున్నాయి. ఆరోది మిగతావాటికంటే నల్లగా ఉంది. ఆయన గొట్టం కిందికి దించాడు.

‘ఎన్నో కోశానండి. గుర్తులేదు’ అన్నాడు.

ఆ సాయంత్రమే చౌకీ దగ్గర తమ్ముడు అద్దెకుంటున్న గదికి వెళ్ళాడు. తమ్ముడు మంచం మీద గోడకి తిరిగి పడుకుని ఉన్నాడు. అన్నయ్య వచ్చి కూర్చోగానే లేచి, ఏమీ అడక్కుండానే చెప్పేశాడు.

‘అల్లుడు కుడివైపు పొదల్లో ఎక్కడో ఉన్నాడని తెలుసన్నయ్యా. అంత దగ్గరున్నాడనుకోలేదు. పంది మీద పెడితే ఎడమకి పోతుందని, ఎప్పటిలాగే కుడికి జరిపి పెట్టా. పదేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే జరిపేసింది. కొత్త తూటాతో పేల్చడం అదే మొదటిసారి, అది ఎటూ లాగలేదు. పెట్టిన చోటికే పోయింది.’

మేస్త్రికి అప్పుడు అర్థమైంది. మెత్తటి సీసం పేలగానే ఉబ్బి ఆ లోతు గాడిని కూడా నింపేది, అందుకే పక్కకి లాగేది. రాగి తొడుగున్న గట్టి తూటా ఆ లోతులోకి దిగదు. పై పైన పట్టుకుని నేరుగా పోతుంది. తప్పుడు గొట్టం కొత్త తూటాతో సరైన గొట్టమైపోయింది. ఆ సంగతి తెలియాల్సినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. వాడు తూటాని గోటితో గీసి, బాగున్నాయిరా అన్నాడు.

‘మరి నాది కాదని ఎందుకన్నావురా?’

‘అడగ్గానే నోట్లోంచి వచ్చేసింది. ఒకసారి అన్నాక వెనక్కి ఎలా తీసుకోను? అమ్మాయి మొహం ఎలా చూడను? నువ్వు చెప్పకన్నయ్యా. నేనే చెప్తా. కొంచెం గడువివ్వు.’

అన్నయ్య గడువిచ్చాడు. ఏం చేస్తాడు, ఎత్తుకుని పెంచిన తమ్ముడు. పైగా ఆ గొట్టం రంపం కింద పడకుండా మిగిలిందంటే అది తన చేతకానితనమే కదా. తమ్ముణ్ణి బయటపెడితే తనూ బయటపడతాడు. ఈ రెండింటిలో ఏది తన నోరు కట్టేసిందో ఆయన తనని తాను చాలాసార్లు అడిగి చూసుకున్నాడు.

కూతురు పుట్టింటికి వచ్చేసింది. తిండి సహించదు, నిద్ర లేదు. రోజూ బాబాయి వచ్చేవాడు. నీళ్ళు మోసేవాడు, పళ్ళు తెచ్చేవాడు, కోసి పళ్ళెంలో పెట్టేవాడు, తల ఎత్తి ఆ పిల్ల వంక చూసేవాడు కాదు. ‘బాబాయికి నాకంటే ఎక్కువ దిగులు నాన్నా, చూడు ఎలా చిక్కిపోయాడో’ అనేది కూతురు.  ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని మేస్త్రి తమ్ముడి నోటి వంక చూస్తూ కూర్చునేవాడు. తమ్ముడు నీళ్ళ బిందె దించి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు మందుల షాపు దగ్గర నత్తి గార్డు ఎదురుపడ్డాడు. మేస్త్రీ కూతురూ ఇటునుంచి వస్తున్నారు, అతను తన పిల్లకి జ్వరం మందు పట్టుకుని అటునుంచి వస్తున్నాడు. కూతురు దారికి అడ్డంగా నిలబడింది. వీధిలో జనం ఆగారు.

‘ఇంకా మందులు కొనుక్కుని బతకాలని ఉందా నీకు?’ అంది.

‘అ… అమ్మా… అ… అది…’

‘ఏది? ఏం చెప్తావు? చేసింది చేసి, కనీసం నేనే చేశానని ఒప్పుకునే మొగతనం లేదు నీకు.’

అతను ఇంకోసారి నోరు తెరిచాడు. మాట గొంతులో చిక్కుకుని మొహం ఎర్రబడింది. కూతురు అతని కాళ్ళ ముందు ఉమ్మింది. ఎవరో ‘బాగా చేశావమ్మా’ అన్నారు. అతను మందు సీసాని గుండెకి అదుముకుని పక్కకి తప్పుకున్నాడు. వెళుతూ మేస్త్రి వంక ఒకసారి చూశాడు. మేస్త్రి తల దించుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కూతురు జరిగినదంతా ఆవేశంగా చెప్పింది. చెప్పి, ‘వాడి కళ్ళు చూడాల్సింది బాబాయ్, తప్పు చేసినవాడి కళ్ళలాగే ఉన్నాయి’ అంది. తమ్ముడు నేల వంక చూస్తూ, ఊ అన్నాడు. ఆ ఊ అన్న శబ్దం మేస్త్రి భరించలేకపోయాడు. ఇన్నాళ్ళూ తమ్ముడి మీద ఉన్న ప్రేమంతా ఉండగానే, వాడి మీద అసహ్యం పుట్టింది. తన మీద అంతకంటే ఎక్కువ పుట్టింది.

‘అమ్మాయ్, ఆ తుపాకీ మీ బాబాయిది’ అన్నాడు.

‘ఏ తుపాకీ?’

‘మీ ఆయన్ని కొట్టింది. అది నేను కోసిన గొట్టం. చెడిపోయిన గొట్టం. వీడు తప్ప ఎవరూ ముట్టుకోరు. పందికే పెట్టాడు, కావాలని చేయలేదు. కానీ పేల్చింది వీడే. ఆ నత్తివాడు కాదు.’

కూతురు బాబాయి వంక చూసింది. బాబాయి లేవలేదు, కాదనలేదు. ‘చెప్దామనే రోజూ వస్తున్నానే తల్లీ’ అన్నాడు. చేతుల్లో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ పిల్ల అరుస్తుందని, కొడుతుందని మేస్త్రి సిద్ధపడ్డాడు. ఆ పిల్ల అరవలేదు. తండ్రి వైపు తిరిగింది.

‘నీకు ఎప్పటినుంచి తెలుసు నాన్నా?’

ఆయన తమ్ముడి వంక చూశాడు.

‘ఇందాక మందుల షాపు దగ్గర తెలుసా?’

‘తెలుసు.’

‘నేను ఉమ్మినప్పుడు నా పక్కనే ఉన్నావు.’

‘ఉన్నాను.’

ఆ పిల్ల లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏడుపు వినపడలేదు. వినపడితే బాగుండునని మేస్త్రి తెల్లవార్లూ అనుకున్నాడు.

పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ విచారణ అధికారి దగ్గరికి వెళ్ళారు. తమ్ముడు ఒప్పుకున్నాడు. మేస్త్రి కాగితం సంగతి, రంపం సంగతి, తూటా సంగతి అన్నీ చెప్పాడు. అధికారి అన్నీ విని, ‘మొదటే చెప్పి ఉంటే ఇది ప్రమాదం కేసుతో పోయేది కదయ్యా’ అన్నాడు. అబద్ధం చెప్పి ఇంకొకడి మీదికి నెట్టినందుకు తమ్ముడికి జైలు పడింది. మేస్త్రిని షెడ్డుకి ఇక రావద్దన్నారు. తన పాత బల్ల దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడదామనుకున్నాడు. కాపలావాడు లోపలికి పోనివ్వలేదు, ఆయనా బతిమాలలేదు.

కూతురు ఇంట్లోనే ఉంది. వండేది, పెట్టేది. అడిగినదానికి జవాబు చెప్పేది. తనంతట తను ఒక్క మాట మాట్లాడేది కాదు. బాబాయిని చూడటానికి జైలుకి మాత్రం ఒకసారి వెళ్ళొచ్చింది, ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. మేస్త్రికి తెలిసిపోయింది, వాడిని ఎప్పటికైనా క్షమిస్తుంది. వాడు భయపడి తప్పు చేశాడు. తను మాత్రం పక్కన నిలబడి ఒక అమాయకుడి మీద ఆ పిల్ల చేత ఉమ్మించాడు. భర్తని పోగొట్టుకున్న పిల్లని ఒక పాపం కూడా మోసేలా చేశాడు. దానికి మందు లేదని ఆయనకే తెలుస్తోంది.

నత్తి గార్డు మళ్ళీ ఉద్యోగంలో చేరాడని తెలిసిన రోజు సాయంత్రం కూతురు చెప్పులేసుకుంది. ఎక్కడికమ్మా అంటే చెప్పలేదు. మేస్త్రి వెనకాలే నడిచాడు. ఆ పిల్ల వద్దనలేదు, రమ్మని కూడా అనలేదు.

నత్తి గార్డు ఇల్లు సందు చివర, ఇరుకు గుమ్మం. అతను గుమ్మంలోనే కూర్చుని బూట్లకి రంగు వేసుకుంటున్నాడు. ఆ పిల్లని చూసి లేచి నిలబడ్డాడు, చేతిలో బూటు అలాగే ఉంది. లోపల్నుంచి భార్య వచ్చి, ఎవరొచ్చారో చూసి, తలుపు సగం మూసి పట్టుకుంది. కూతురు రెండు చేతులూ జోడించింది. క్షమించమని అడిగింది.

అతను ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. మాట రాలేదు. భార్య అలవాటుగా, ‘ఏం పర్లేదమ్మా అంటున్నాడు’ అని పూర్తి చేయబోయింది. అతను భార్య చెయ్యి పట్టుకుని ఆపాడు. అదేం కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ ఆగాడు. కూతురు కదలకుండా నిలబడింది. ఎంతసేపు పట్టినా నిలబడేట్టే ఉంది.

‘వా… వాడూ నేనూ… ఒకే కంచంలో తి… తిన్నామమ్మా, చౌకీలో’ అన్నాడు చివరికి. ‘వాడు పో… పోయాడని… నన్నెవరూ… ఏ… ఏడవనివ్వలేదు.’

కూతురు గుమ్మం మీద కూలబడిపోయింది. భర్త పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అతను బూటు కింద పెట్టి, కాస్త ఎడంగా అదే గుమ్మంలో కూర్చుని తనూ ఏడ్చాడు. అతని భార్య మూసిన తలుపు తీసింది, మంచినీళ్ళు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

మేస్త్రి సందులో నిలబడి చూస్తున్నాడు. చెంబు పెట్టి తల ఎత్తినప్పుడు ఆమె ఆయన్ని చూసింది, చూసి లోపలికి వెళ్ళిపోయింది. కూతురు వెనక్కి తిరగలేదు. ఏడవాలని ఆయనకీ ఉంది, అల్లుడు ఆయనకీ అల్లుడే. కానీ ఆ గుమ్మంలో తనకి చోటు లేదని తెలుసు. చాలాసేపు అక్కడే నిలబడి, చీకటి పడ్డాక ఒక్కడే ఇంటికి నడిచాడు.